ఈ సంక్రాంతి నెలలో హాల్లో ఏది చూడాలి, ఇంట్లో ఏది చూడాలి? (హనుమకొండ, ఎనిమిది మందిమి)

సుబేదారి కోడలు
2025 జనవరి 5, ఆదివారం

ఈ పండుగకు కరీంనగర్ నుంచి మా బావగారు, తోటికోడలు, వాళ్ల అబ్బాయి వస్తున్నారు. మా ఇంట్లో అత్తమ్మతో కలిపి అయిదుగురం. అందరం కలిసి హాల్లో చూసేది ఒక్కటే సినిమా, మిగిలినవి ఇంట్లో టీవీలో అని తీర్మానించుకున్నాం. తీర్మానం సులువుగానే అయింది. ఆ ఒక్కటి ఏది అన్న దగ్గర ఇల్లు మూడు ముక్కలైంది.

మా పెద్దవాడికి పద్నాలుగేళ్లు. పదో తేదీన వచ్చే గేమ్ ఛేంజర్ తప్ప వాడికి ఇంకేదీ సినిమా కాదు. బావగారు బాలకృష్ణ అభిమాని, పన్నెండున డాకు మహారాజ్ అంటున్నారు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి, కాదనలేం. అత్తమ్మ మాత్రం వెంకటేశ్ సినిమా 'సంక్రాంతికి వస్తున్నాం' ఉండగా మిగతావాటి గొడవ ఎందుకని తేల్చేశారు. అది పద్నాలుగున వస్తోంది. నాకు ఏదైనా ఒకటే. సకినాలు చుట్టడం అయ్యాక నన్ను తీసుకెళ్లి ఎక్కడ కూర్చోబెట్టినా కూర్చుంటాను.

మా ఆయనది భూపాలపల్లిలో గని ఉద్యోగం. షిఫ్టులు పోను ఆయన మాతో ఉండేది 14, 15 తేదీల్లోనే. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి. చిన్నదానికి తొమ్మిదేళ్లు.

ఇంకో సంగతి. పోయిన సంక్రాంతికి అందరికీ టికెట్లు కొని వెళ్తే, తెర మీద మిట్టమధ్యాహ్నం కూడా సందెచీకటిలా కనిపించింది. మా చిన్నది "కరెంటు తక్కువగా ఉందా అమ్మా" అని అడిగింది. అందుకే ఏ సినిమా అన్నదే కాకుండా ఎప్పుడు, ఎలాంటి హాలు అన్నది కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

---

హాస్టల్ గది
జనవరి 5, రాత్రి

అక్కా, నన్నడిగితే హాలు వద్దు. ఈ నెల ఇంట్లోనే బోలెడు ఉంది. కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రి గెలిచిన పాయల్ కపాడియా సినిమా ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్ మొన్న మూడో తేదీనే హాట్‌స్టార్‌లోకి వచ్చింది. ముంబయిలో పనిచేసే మలయాళీ నర్సుల కథ. నెమ్మదిగా నడుస్తుంది, పిల్లలు పడుకున్నాక మీరూ మీ తోటికోడలూ చూడండి. పదిన నెట్‌ఫ్లిక్స్‌లో తిహార్ జైలు మీద బ్లాక్ వారంట్ సిరీస్ ఉంది. పదకొండున హాట్‌స్టార్‌లో సూక్ష్మదర్శిని వస్తుంది. పక్కింటివాళ్ల మీద అనుమానపడే గృహిణి కథ. మీ అత్తమ్మకు నచ్చవచ్చు! పదిహేడున ప్రైమ్‌లో పాతాళ్ లోక్ రెండో భాగం. అది మాత్రం పిల్లలున్న గదిలో పెట్టకండి.

మేం ఆరుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూస్తాం. ఏమీ తక్కువ కాలేదు.

---

కేబిన్ కిటికీ
జనవరి 7

అమ్మా, మీ చిన్నమ్మాయిది అసలైన ప్రశ్న. వెలుతురు నిజంగానే తక్కువ.

నేను 1984 నుంచి 2019 వరకు వరంగల్‌లో ఒక హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాను. తొలి రోజుల్లో కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసేవాళ్లం. అవి కాలుతూ అరిగిపోతుంటాయి. వాటి మధ్య ఎడం సరిచేయడం ఒక నిమిషం మరిచామా, తెర పచ్చబడేది, కింది నుంచి ఈలలు వచ్చేవి. తర్వాత జినాన్ దీపాలు వచ్చాయి. వీటి ఆయుష్షు గంటల లెక్క. గంటలు నిండినా ఆరిపోదు, మసకగా వెలుగుతూనే ఉంటుంది. కొత్త దీపం ఖరీదు విని యజమాని "ఈ పండుగ గడవనీ" అంటాడు. పోయినేడు మీ తెర మీద పడింది ఆ వాయిదా వేసిన వెలుతురే. కౌంటర్లో టికెట్ తీసుకునేముందు, దీపం ఎప్పుడు మార్చారని అడిగించండి. నవ్వుతారు. అడగండి.

ఇక సినిమాలు. మూడింటిలో ఒక్కటీ విడుదల కాలేదు, ఏది బాగుంటుందో నేను చెప్పలేను. చెప్పేవాళ్లను నమ్మను కూడా. నా లెక్క ఇది: హాల్లో మనం డబ్బిచ్చి కొనుక్కునేవి తెర, చప్పుడు, జనం. ఈ మూడింటిలో ఏది లేకపోతే ఏ సినిమా ఎక్కువ నష్టపోతుందో చూసుకోవాలి.

అందరూ ఏమనుకుంటారంటే, భారీ సినిమాకు హాలు, నవ్వుల సినిమాకు ఇల్లు అని. నా అనుభవం దీనికి తలకిందులు. ముప్ఫయ్ అయిదేళ్లు నేను సినిమాలు చూసింది జానెడు అద్దంలోంచి. కేబిన్‌లో మెషీన్ మోత, పొగ లాగే ఫ్యాన్ మోత. మాటలు సగం వినిపించేవి కావు. సినిమా ఎలా ఆడుతోందో నాకు తెలిసేది కింద తలల వల్ల. పోరాటం వస్తే తలలు బిగుసుకుపోతాయి. నవ్వు వస్తే ముందు నేల టికెట్ తలలు ఊగుతాయి, ఒక్క క్షణం వెనకగా బాల్కనీ అందుకుంటుంది. రెండూ ఒకేసారి ఊగిన ఆట నాకు ఈ ముప్ఫయ్ అయిదేళ్లలో చాలా తక్కువ సార్లు దొరికింది. అలా ఊగిన ఒక సినిమానే తర్వాత ఇంట్లో టీవీలో చూశాను, నేనూ మా ఆవిడా. అదే చోట ఇద్దరం నవ్వలేదు. ఆవిడ "ఇందులో ఏముందని జనం విరగబడ్డారు" అంది. ఏముందో నేను అద్దంలోంచి చూశాను. ఇంట్లో అది లేదు.

అందుకని మీ ఎనిమిది మందికీ 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమానే. 2019 సంక్రాంతికి ఎఫ్ 2 తీసిన అనిల్ రావిపూడి, వెంకటేశ్ జంటే ఇది కూడా. నిడివి 2 గంటల 24 నిమిషాలు, మీ అత్తమ్మ మోకాళ్లకు మూడింటిలోకీ ఇదే తేలిక. నిన్న నిజామాబాద్‌లో ట్రైలర్ విడుదల చేశారు. గోదారి గట్టు పాట ఎలాగూ మీ వీధిలో రోజూ మోగుతూనే ఉంటుంది. రమణ గోగులతో కలిసి అది పాడిన మధుప్రియ మన గోదావరిఖని పిల్ల. పద్నాలుగున వద్దు, పదిహేను మ్యాట్నీకి వెళ్లండి. మొదటి రోజు అభిమానుల అరుపుల్లో హాస్యం మాటలు మునిగిపోతాయి.

గేమ్ ఛేంజర్‌కు కావలసింది తెర. శంకర్ నేరుగా తెలుగులో తీసిన మొదటి చిత్రం. పాటలకు ఆయన పెట్టే ఖర్చు చిన్న తెర మీద రంగుల ముద్దలా కనిపిస్తుంది. కానీ 2 గంటల 45 నిమిషాలు. మీ పెద్దవాణ్ణీ కరీంనగర్ అబ్బాయినీ ఇద్దరినే పంపండి, పగటి ఆటకు. డాకు మహారాజ్‌కు కావలసింది చప్పుడు. తమన్ నేపథ్య సంగీతం, బాలకృష్ణ గొంతు ఇంట్లో టీవీ స్పీకర్‌లోంచి వస్తే ఎలా ఉంటుందో బావగారికే బాగా తెలుసు. భోగి నాడు ఆయనను ఒంటరిగా వదిలిపెట్టండి. అభిమాని పక్కన ఇంటి ఆడవాళ్లు కూర్చుంటే పాపం ఆయన ఈల వేయలేరు.

అజిత్ తమిళ సినిమా ఈ పొంగల్‌కు రావడం లేదని పోయిన నెలాఖరున ప్రకటించారు. అందుకే హాళ్లు ఈ మూడింటికే పంచారు. ఒకటో తేదీన తెలుగులో వచ్చిన మార్కో ఇంకా ఎక్కడైనా ఆడుతుంటే పిల్లలతో అటువైపు వెళ్లకండి. అది పెద్దలకు మాత్రమే, అందులో నెత్తురు మామూలుగా లేదు.

పుష్ప 2 ఇంట్లో ఎప్పుడని మా మనవడు రోజూ అడుగుతున్నాడు. 56 రోజుల లోపు ఏ ఓటీటీలోనూ రాదని నిర్మాతలే ప్రకటించారు. డిసెంబరు 5కు 56 కలిపితే జనవరి 30. అంతకుముందు ఎవరైనా లింకు పంపితే తెరవకండి.

హాస్టల్ బాబూ, ల్యాప్‌టాప్ ముందు ఆరుగురు కూర్చున్నామని నువ్వే రాశావు. ఒక్కడివే కూర్చుంటే తక్కువయ్యేది.

---

పరకాల మిర్చి
జనవరి 10

గేమ్ ఛేంజర్ తెల్లవారుజామున నాలుగు గంటల ఆట చూసి వచ్చాను. రెండు గంటలకు పరకాలలో బండి తీశాం. మంచులో చేతులు కొయ్యబారిపోయాయి. డిసెంబరు 21న ముఖ్యమంత్రి శాసనసభలో ఇక బెనిఫిట్ షోలు లేవు, టికెట్ పెంపు లేదు అన్నారు. మూడు వారాలు కాకముందే ఉత్తర్వు వచ్చింది. అర్ధరాత్రి ఒంటిగంట ఆట కుదరదట, నాలుగు గంటల ఆట కుదురుతుందట. పెంపు మామూలు హాల్లో వంద, మల్టీప్లెక్స్‌లో నూట యాభై. తోటలో కోత కూలీలకు ఇవ్వవలసిన డబ్బులోంచి తీశానని మా నాన్నకు ఇంకా తెలియదు.

సినిమా నాకు సగం నచ్చింది. పాత కాలపు కథ వచ్చినంతసేపూ రామ్ చరణ్ బాగా చేశాడు. కానీ నానా హైరానా పాట లేదు! ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో తీశామని అంత చెప్పి, పాటే వేయలేదు. ఆపరేటర్ కోసేశాడని మావాళ్లు గొడవ చేశారు. పెద్దాయనా, నిజంగా ఆపరేటర్లు అలా కోస్తారా?

---

కేబిన్ కిటికీ
జనవరి 11, రాత్రి

ఆపరేటర్‌ను తిట్టకు నాయనా. ఆ పాపం ఈ కాలంలో అతనికి చేతకాదు.

రీళ్ల రోజుల్లో అయితే కోసేవాళ్లం, ఒప్పుకుంటాను. సెకండ్ షో ఆలస్యమైతే మేనేజర్ పైకి వచ్చి ఒక పాట ఎగరగొట్టమనేవాడు. కత్తెర, అతుకు పెట్టే టేపు మా బల్ల మీదే ఉండేవి. ఇప్పుడు సినిమా తాళం వేసిన ఫైలుగా వస్తుంది. అందులోంచి ఒక్క ఫ్రేము తీయడం, కలపడం హాలువాడి వల్ల కాదు. సాంకేతిక ఇబ్బంది వల్ల ఆ పాట లేకుండా విడుదల చేశామని, పద్నాలుగు నుంచి కలుపుతామని నిర్మాతలే ప్రకటించారు. కలపడమంటే మార్చిన వెర్షన్‌కు కొత్త ఫైళ్లు పంపడం, దానికి మళ్లీ కొత్త తాళంచెవి పంపడం. సుబేదారి అమ్మా, మీ పెద్దవాడు ఇంకా వెళ్లకపోతే ఆగమనండి, పాటతో కలిపి చూస్తాడు.

ఆ తాళంచెవి గురించి ఒక ముచ్చట. మేం దాన్ని కీ అనేవాళ్లం. ఫలానా హాల్లోని ఫలానా సర్వర్‌కు, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు అని తయారుచేసి మెయిల్‌లో పంపుతారు. పక్క హాల్లో పెడితే పనిచేయదు. ఒక పండుగకు మాకూ తెల్లవారుజాము ఆట పడింది. హార్డ్ డిస్కు సాయంత్రమే వచ్చింది, ఎక్కించాను. కీ రాత్రి పదకొండుకు వచ్చింది, పెట్టాను. నాలుగు గంటలకు బటన్ నొక్కితే తెర నల్లగా ఉంది. పది రోజుల కిందట మా సర్వర్‌లో బోర్డు మార్చారు. కీ పాత బోర్డు పేరున వచ్చింది. కిందేమో హాలు నిండా జనం. చెన్నైకి ఫోను చేస్తే అవతల నిద్రమత్తు గొంతు సర్వర్ నంబరు చదవమంది. టార్చి నోట్లో పట్టుకుని, మెషీన్ వెనక పాకి, ఇరవై దాకా ఉన్న అంకెలు, అక్షరాలు చదివాను. ఒక బి ని డి అని విన్నారు. మళ్లీ చదివాను. యాభై నిమిషాలు. కేబిన్ తలుపుకు గొళ్లెం పెట్టుకున్నాను. ఆ అద్దం వైపు అన్ని మొహాలు ఒకేసారి తిరిగి చూడడం నా ఉద్యోగంలో అదొక్కసారే.

అందుకే పెద్దవాళ్లను మొదటి రోజు మొదటి ఆటకు తీసుకెళ్లవద్దంటాను. ఎలాగూ ఈ రోజే ఆ పెంపునూ ప్రత్యేక ఆటలనూ ఉపసంహరించుకుంటూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

మామూలు ధర గరిష్ఠంగా ఏసీ హాల్లో 150, మల్టీప్లెక్స్‌లో 250. జీఎస్టీ కలిపితే 177, 295. ఎనిమిది మందికి 1416 లేదా 2360. తేడా 944 రూపాయలు, కనుమ నాటి కిలో మటన్. అయితే మాల్‌లో లిఫ్టు ఉంటుంది, పాత హాలు బాల్కనీకి మెట్లు ఉంటాయి. దీపం బాగున్న పాత హాలు దొరికి, నేల మీద మెట్లు లేని వరుసలు ఉంటే నేను అక్కడికే వెళ్తాను. తెర నుంచి మూడింట రెండు వంతుల దూరంలో కూర్చోండి. అత్తమ్మకు నడవ పక్క సీటు, నొప్పి ఉన్న కాలు నడవ వైపు చాపుకునేలా. హాలు నిండితే చప్పుడు గురించి భయపడనక్కరలేదు. మనుషులూ బట్టలూ కలిసి మోతను మింగేస్తాయి. ఖాళీ హాల్లోనే గోడలు మోగుతాయి.

---

సుబేదారి కోడలు
జనవరి 16

బాబాయ్ గారూ, మీరు చెప్పినట్టే పదిహేను మ్యాట్నీ. మా ఆయన పద్నాలుగు రాత్రి వెళ్లి కౌంటర్లో నిలబడి తెచ్చారు. దీపం సంగతి అడిగితే టికెట్ ఇచ్చే అబ్బాయి మీరన్నట్టే నవ్వాడట. తర్వాత ఏమనుకున్నాడో, ఎవరికో ఫోను చేసి కనుక్కుని "నవంబరులో మార్చారు" అని చెప్పాడట. తెర బాగుంది. చిన్నది కరెంటు మాట ఎత్తలేదు.

బావగారు, తోటికోడలు పొద్దున ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లి, నుదుట పసుపు బండారితో నేరుగా హాలుకు వచ్చారు. అప్పటికి టైటిల్స్ పడుతున్నాయి. బావగారు కూర్చుంటూనే "డాకు ముందు ఇది ఎంత" అన్నారు. ఆ మాట అన్నాక ఆయన గొంతు నాకు మళ్లీ వినిపించింది ఇంటర్వెల్‌కే, అదీ దగ్గుతూ. నవ్వి నవ్వి పొలమారింది. అత్తమ్మను కాస్త నడుద్దాం రమ్మంటే లేవలేదు. లేస్తే సీటు ఎవరైనా ఆక్రమిస్తారట. నంబరు సీటు అత్తమ్మా అని ఎంత చెప్పినా కొంగు తీసి పక్క సీటు మీద కూడా వేశారు.

మీరు తలల గురించి రాసింది గుర్తొచ్చి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. బాల్కనీ నిజంగానే ఆలస్యంగా నవ్వుతోంది.

ఒక్క ఫిర్యాదు. ఆ సినిమాలో బుల్లిరాజు అని ఒక పిల్లవాడు ఉన్నాడు. ఓటీటీలు చూసి చూసి బూతులు నేర్చుకున్నవాడు. హాలంతా వాడికే ఎక్కువ నవ్వింది. మేమూ నవ్వాం. ఇప్పుడు మా చిన్నది ఇంట్లో వాడి మాటలు వల్లిస్తోంది. నిన్న సాయంత్రం సకినాలు తీసుకుపోవడానికి వచ్చిన పక్కింటి టీచరమ్మ ఎదుటే ఒకటి అనేసింది. మీ లెక్కలో తెర, చప్పుడు, జనం ఉన్నాయి గానీ ఇది లేదు.

మా పెద్దవాడూ కరీంనగర్ అబ్బాయీ ఇంకా హైరానా పాట దగ్గరే ఉన్నారు. రేపు పంపుతున్నాను. నెలాఖరుకు ఇంట్లో ఏం పెట్టుకోవచ్చో చెప్పండి. మా టీవీలో సినిమా పెడితే సీరియల్‌లా కనిపిస్తుంది, మాటలు వినిపించక సౌండ్ పెంచితే పాటకు ఇల్లు అదిరిపోతుంది. ఎందుకలా?

---

కేబిన్ కిటికీ
జనవరి 29

ఆలస్యంగా జవాబిస్తున్నాను, కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. బుల్లిరాజు సంగతి నా లెక్కలో లేదు, ఒప్పుకుంటున్నాను. మా మనవడికి కూడా అంటుకుంది.

పెట్టుకోవలసింది మొదట సివరపల్లి. ఇరవై నాలుగున ప్రైమ్‌లోకి వచ్చింది. హిందీ పంచాయత్ సిరీస్‌ను తెలంగాణ పల్లెకు తెచ్చారు, రాగ్ మయూర్ పంచాయతీ కార్యదర్శి. ఒక కంటితోనే చూశాను, అయినా నచ్చింది. మెల్లగా సాగే నవ్వు కనుక దీనికి జనం అక్కరలేదు. అత్తమ్మ, మీరు, సగం ఒలిచిన చిక్కుడుకాయలు చాలు. హాల్లో చూడాలనుకుంటే అదే రోజు వచ్చిన గాంధీ తాత చెట్టు ఉంది. సుకుమార్ కూతురు సుకృతి వేణి చేసింది. చెట్టును కాపాడే పిల్ల కథ, మీ చిన్నదానికి బుల్లిరాజు మీద విరుగుడుగా పనికి వస్తుందేమో. ఇలాంటివి హాల్లో ఎక్కువ రోజులు ఉండనివ్వరు, వెళ్లేదుంటే ఈ వారమే. పుష్ప 2 రేపు నెట్‌ఫ్లిక్స్‌లోకి వస్తోంది, 56 రోజుల లెక్క తప్పలేదు. కలిపిన సన్నివేశాలతో మూడు గంటల నలభై నిమిషాలు దాటుతుంది. రెండు రాత్రులకు పంచుకోండి.

పిల్లలతో సెకండ్ షోలు మాత్రం ప్రస్తుతానికి మరిచిపోండి. పదహారేళ్ల లోపు వాళ్లను పొద్దున పదకొండుకు ముందు, రాత్రి పదకొండు తర్వాత హాళ్లలోకి రానివ్వవద్దని ఈ 2025 జనవరిలో హైకోర్టు తాత్కాలికంగా ఆదేశించింది.

మీ టీవీ సంగతి. సినిమా సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. కొత్త టీవీలు మధ్యలో లేని బొమ్మలు సొంతంగా కల్పించి నింపుతాయి, కదలిక నున్నగా కావాలని. సీరియల్‌లా కనిపించేది అందుకే. సెట్టింగ్స్‌లో పిక్చర్ కిందికి వెళ్లి, మోషన్ అన్న మాట ఎక్కడ ఉన్నా దాన్ని ఆపేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. పిక్చర్ మోడ్‌ను సినిమా అన్నదానికి మార్చండి. మొదట తెర పసుపుగా, మసకగా ఉందనిపిస్తుంది. రెండు రోజులు ఓర్చుకోండి, అసలు రంగు అదే.

మాటలు వినిపించకపోవడానికి కారణం ఇది: హాలు కోసం మాటలను తెర వెనక మధ్య స్పీకర్‌కు విడిగా కలుపుతారు. మీ టీవీకి ఆ స్పీకర్ లేదు, ఉన్న రెండింటిలోకీ అన్నీ కుక్కుతుంది. సినిమా మొదలుపెట్టాక ఆడియో భాష ఎంచుకునే చోట 5.1 అని ఉంటే తీసేసి మామూలు స్టీరియో పెట్టండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో రాత్రి మోడ్ లాంటిది ఉంటే అది కూడా. అప్పటికీ మెనూలో దొరక్కపోతే టీవీ వెనక ఉన్న మోడల్ నంబరు ఇక్కడ రాయండి. బి, డి తేడా చూసి రాయండి.